కొలువు, వారసత్వం, కారుణ్యం: బొగ్గుగనుల ప్రాంత విద్యార్థులకు రాజకీయ చింతన పరిచయం

కీలక పదాలు: రాజకీయ చింతన, నీతిశాస్త్రం, సింగరేణి, వారసత్వ ఉద్యోగాలు, ప్రాతినిధ్యం, న్యాయం

ఉపోద్ఘాతం

డిగ్రీ స్థాయిలో రాజకీయ చింతన అధ్యయనం సాధారణంగా ప్లేటోతో మొదలై మార్క్స్‌తోనో, అంబేడ్కర్‌తోనో ముగుస్తుంది. ప్రతి చింతకునికీ ఒక జీవిత సంగ్రహం, రెండు గ్రంథాల పేర్లు, నాలుగు భావనలు ఉంటాయి. పరీక్షకు ఇది చాలు. అయితే ఈ పద్ధతిలో చదివిన విద్యార్థికి హాబ్స్ ఏమన్నాడో తెలుస్తుంది కాని, ఎవరిని ఎదుర్కొంటూ అన్నాడో, ఆ మాట అనవలసిన అవసరం ఎందుకు కలిగిందో తెలియదు. ఒక రాజకీయ గ్రంథాన్ని అర్థం చేసుకోవాలంటే ఆనాటి వాదాల నడుమ రచయిత ఏం చేయదలచుకున్నాడో చూడాలని క్వెంటిన్ స్కిన్నర్ 1969లో ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. మన తరగతి గదుల్లో చింతకుడు మిగిలాడు, వాదం జారిపోయింది.

గోదావరిఖని, రామగుండం పరిసరాల విద్యార్థికి అటువంటి వాదం ఇంట్లోనే వినిపిస్తుంది. బొగ్గుబాయి, ఉద్యోగం, సంఘం, వాటా అనే విషయాలపై అక్కడ నిత్యం జరిగే చర్చలో రాజనీతిశాస్త్రపు మౌలిక ప్రశ్నలన్నీ ఉన్నాయి. ఆ చర్చలోని కొన్ని తెలుగు పదాలను ఆధారం చేసుకొని రాజకీయ చింతనను ఎలా పరిచయం చేయవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

రామగిరి నీడలో ‘కొలువు’

రాజకీయ చింతన పడమటి దేశాల నుంచి వచ్చిన విద్య అని మన విద్యార్థులు భావిస్తారు. సింగరేణి శతాబ్ది పేరుతో వెలసిన సెంటినరీ కాలనీకి చేరువలోనే రామగిరి దుర్గం ఉంది. ఆ దుర్గాన్ని ఏలిన ముప్పభూపాలుని మంత్రి కందనామాత్యుడు. అతనికి పద్మపురాణోత్తరఖండాన్ని అంకితమిచ్చిన మడికి సింగనయే ‘సకలనీతిసమ్మతము’ను కూర్చాడు. తెలుగు నీతిగ్రంథాల నుంచి పద్యాలను ఏరి, విషయానుసారంగా అమర్చిన సంకలనమిది. అందులోని మూలగ్రంథాలు కొన్ని ఈనాడు విడిగా లభించడం లేదు. బొగ్గుగనుల పక్క గుట్టతో ముడిపడిన ఈ గ్రంథం పేరు కూడా వినకుండా ఇక్కడి విద్యార్థి పట్టభద్రుడు కావడం విచారకరం.

అయితే దీనిని ప్రాంతీయ గర్వానికి పరిమితం చేస్తే ప్రయోజనం లేదు. నీతి సంప్రదాయం ప్రధానంగా అడిగే ప్రశ్నలు రెండు: రాజు ఎలా పాలించాలి, సేవకుడు రాజు దగ్గర ఎలా మెలగాలి. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో గనుల అధికారియైన ఆకరాధ్యక్షుని విధులున్నాయి. కోశానికి పుట్టినిల్లు గనియే అన్న భావమూ అక్కడే ఉంది. గని ఉంది, అధికారి ఉన్నాడు, కోశం ఉంది. గని తవ్వేవాడు తన పాలకుని గురించి ఏమనుకుంటున్నాడన్న ప్రశ్నకు మాత్రం అక్కడ చోటు లేదు. పాత గ్రంథంలో ఉన్నదానితోపాటు లేనిదాన్ని కూడా గుర్తించగలగడం ఈ అధ్యయనంలో తొలి మెట్టు.

‘కొలువు’ పదం ఇక్కడ సాయపడుతుంది. ప్రాచీన సాహిత్యంలో కొలువంటే రాజసభ, రాజసేవ. సింగరేణి కార్మికుల ఇళ్లలో కొలువంటే ఉద్యోగం. మాట నిలిచింది, కొలువిచ్చే ప్రభువు మారాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ, 1920 నుంచి సింగరేణి కాలరీస్ కంపెనీ. ఇప్పుడు అందులో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. యజమాని తన ఓటుతో ఏర్పడిన ప్రభుత్వమే అయినప్పుడు కార్మికుడు కొలువులోని సేవకుడా, కొలువిచ్చేవారిని ఎన్నుకునే పౌరుడా? రూసో సార్వభౌమాధికార సిద్ధాంతాన్ని ఈ ప్రశ్నతో మొదలుపెడితే విద్యార్థి తలెత్తి చూస్తాడు. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు బొగ్గు ఉత్పత్తిని స్తంభింపజేసింది వేతనాల కోసం కాదు, రాష్ట్రం కోసం. ఆర్థిక సమ్మెకూ రాజకీయ సమ్మెకూ మధ్య గీత నిలవదని రోజా లక్సెంబర్గ్ 1906లో రాసిన మాస్ స్ట్రైక్ గ్రంథాన్ని ఆ అనుభవం పక్కన పెట్టి చదివించవచ్చు.

వారసత్వం నుంచి కారుణ్యానికి

అన్నింటికన్నా లోతైన పాఠం వారసత్వ ఉద్యోగాల వివాదంలో ఉంది. గతంలో అమలై ఆగిపోయిన ఈ విధానాన్ని 2016 చివర పునరుద్ధరించే ప్రయత్నం జరిగింది. పుట్టుకను బట్టి ప్రభుత్వ సంస్థలో ఉద్యోగమివ్వడం రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలు హామీ ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని 2017లో ఉమ్మడి హైకోర్టు దానిని కొట్టివేసింది. తరువాత, వైద్యపరంగా పనికి అనర్హులైనవారి పిల్లలకు కారుణ్య నియామకాల రూపంలో మరో దారి ఏర్పడింది.

తండ్రి తన ఊపిరితిత్తులను, నడుమును బాయికి ధారపోశాడు కాబట్టి ఆ ఉద్యోగంలో కుటుంబానికి హక్కుందని కార్మికుల వాదం. శ్రమను కలిపిన వస్తువుపై శ్రమించినవానికి స్వామ్యం వస్తుందని 1689లో వెలువడిన గ్రంథంలో లాక్ చేసిన వాదానికి ఇది దగ్గరి చుట్టం. పూర్వుల నుంచి సంక్రమించినవే నిజమైన హక్కులని 1790లో బర్క్ అన్నాడు. మరణించిన తరం బతికున్న తరాన్ని బంధించలేదని మరుసటి ఏడాది పెయిన్ బదులిచ్చాడు. గని చుట్టుపక్కల గ్రామాల నిరుద్యోగి, అందులోనూ ఓపెన్‌కాస్టు కింద భూమి పోయిన కుటుంబంవాడు, పెయిన్ పక్షాన నిలబడతాడు. పుట్టుక అనే యాదృచ్ఛికత అవకాశాలను నిర్ణయించరాదన్న జాన్ రాల్స్ (1971) కూడా అతనికి తోడు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. తెలంగాణ పల్లెల్లో వారసత్వమంటే ఒకప్పుడు పటేల్, పట్వారీ పెత్తనం. 1980లలో దాని రద్దును ప్రజలు హర్షించారు. బొగ్గుబాయిలో అదే పదం పెత్తనానికి కాక, అరిగిపోయిన దేహానికి పరిహారంగా వినిపిస్తోంది. ఒకే పదం రెండు న్యాయ భావనలను మోస్తున్నదని విద్యార్థి గ్రహించాలి.

‘కారుణ్యం’ సంగతి ఇంకా సూక్ష్మమైనది. హక్కు అడిగేవాడు నిలబడి అడుగుతాడు. కరుణ కోరేవాడు తన దైన్యాన్ని రుజువు చేసుకోవాలి. కారుణ్య నియామకం హక్కు కాదని, సమానావకాశ సూత్రానికి మినహాయింపు మాత్రమేనని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. న్యాయశాస్త్ర దృష్టిలో ఇది సమంజసమే. కాని దాని ఫలితంగా తండ్రి ‘అన్‌ఫిట్’ అయితేనే కొడుకుకు కొలువు. అనారోగ్యం అర్హతగా మారిన ఈ స్థితిని వివరించడానికి హక్కుకూ దయకూ ఉన్న భేదాన్ని మించిన సిద్ధాంత పరికరం నాకు కనిపించలేదు.

గుర్తింపు, వాటా

1998 నుంచి సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని కార్మికులు రహస్య ఓటింగు ద్వారా ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27 ఎన్నికల్లో దాదాపు 40 వేల మంది ఓటర్లు. అదే గనుల్లో పనిచేసే వేలాది ఒప్పంద కార్మికులకు ఆ జాబితాలో చోటు లేదు. ప్రజ అంటే ఎవరన్న ప్రశ్న ఏథెన్స్ పౌరసత్వంతో కాక ఈ జాబితాతో మొదలైతే మంచిది. అరిస్టాటిల్ తరువాత వస్తాడు. 2024లో 33 శాతం లాభాల వాటా ప్రకటించినప్పుడు శాశ్వత కార్మికునికి సగటున 1.90 లక్షల రూపాయలు, ఒప్పంద కార్మికునికి తొలిసారిగా 5 వేల రూపాయలు దక్కాయి. ఇది పంపిణీ న్యాయమా, కారుణ్యమా?

ఈ ప్రశ్న వేసే అధ్యాపకుడు ఒక విషయం మరువరాదు. తరగతిలో ఒకే బల్లపై శాశ్వత కార్మికుని కూతురు, ఒప్పంద కార్మికుని కొడుకు, భూమి కోల్పోయిన రైతు మనవడు కూర్చుంటారు. వారిలో ఎవరి ఇంటి కష్టమూ ఉదాహరణగా ఊరేగకూడదు. అందుకు ఉపకరించే పద్ధతి ఒకటుంది. 14, 16 అధికరణాలను, లాక్, బర్క్, పెయిన్‌ల నుంచి తలా రెండు పుటల అనువాదాన్ని ఇచ్చి, ప్రతి విద్యార్థినీ తాను అంగీకరించని పక్షం తరఫున వారసత్వ ఉద్యోగాలపై వాదం రాయమనాలి. మార్కులు పక్షానికి కాదు. ‘హక్కు’, ‘వారసత్వం’, ‘కరుణ’ అనే మూడు పదాలను ఆ వాదంలో ఏ అర్థంలో వాడారో, ఆ అర్థం మొదటి నుంచి చివరి దాకా నిలిచిందో లేదో చూసి వేయాలి.