పర్యాటక తీరంలో కొనుగోళ్లు: బాపట్ల – చీరాల మార్కెట్ ఒక పరిశీలన

4.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- స్థానిక కొనుగోలుదారుకు, సందర్శకునికి మధ్య ఉండే తేడాను వివరించగలుగుతారు.
- సమాచార అసమానత నేత కార్మికునికి ఎలా నష్టం కలిగిస్తుందో చెప్పగలుగుతారు.
- కొనుగోలులో వినియోగదారునికి ఉన్న రక్షణలను గుర్తించగలుగుతారు.

4.1 పరిచయం

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానానికి తూర్పు అంచున సముద్రతీరం ఉంది. ఈ రెండు పాత జిల్లాల భాగాలతో 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. సెలవు రోజుల్లోను, కార్తీక మాసపు స్నానాలకు సూర్యలంక, వాడరేవు తీరాలకు జనం తరలివస్తారు. వారు తిరుగు ప్రయాణంలో చీరాలలో చీరలు, వేటపాలెంలో జీడిపప్పు కొంటారు. అదే మార్కెట్లో స్థానికులు ఏడాది పొడవునా సరుకులు కొంటారు. కొనేవారు రెండు రకాలైనప్పుడు మార్కెట్ ఎలా పనిచేస్తుందో ఇప్పుడు పరిశీలిద్దాం.

4.2 సీజను – ధరలు

స్థానికుడు వేసవి సెలవుల్లో చేపల ధర ఎక్కువగా ఉందని అనుకోవడానికి కారణం ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవలపై వేటను నిషేధిస్తారు. సందర్శకులు పెరిగే కాలంలోనే సరఫరా తగ్గుతుంది. డిమాండ్ పెరిగి, సరఫరా తగ్గితే ధర పెరుగుతుంది. ఈ పెరుగుదల సందర్శకునికి ఒక్క పూట ఖర్చు. స్థానిక కుటుంబానికి మాత్రం అది రెండు నెలల భారం.

4.3 సమాచార అసమానత

చీర విషయంలో సమస్య వేరు. స్థానికుడు మళ్లీ మళ్లీ కొంటాడు. సరుకు బాగా లేకపోతే దుకాణం మారుస్తాడు, నలుగురికీ చెబుతాడు. కాబట్టి వ్యాపారి జాగ్రత్తగా ఉంటాడు. సందర్శకుడు ఒక్కసారే కొంటాడు. చేనేత చీరకు, మరమగ్గం చీరకు తేడా అతనికి తెలియకపోవచ్చు. అమ్మేవానికి తెలిసినది కొనేవానికి తెలియకపోవడాన్నే 'సమాచార అసమానత' అంటారు. జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్ ఉదాహరణతో దీనిని వివరించాడు. 2001లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. చేనేత చీర విలువ రూ. 3,000, దానిలాగే కనిపించే మరమగ్గం చీర విలువ రూ. 1,200 అనుకుందాం. మార్కెట్లో రెండూ సగం సగం ఉన్నాయి. తేడా తెలియని కొనుగోలుదారు సగటున రూ. 2,100 మాత్రమే ఇవ్వడానికి సిద్ధపడతాడు. చేనేత చీర తయారీకే రూ. 2,600 అయితే ఆ ధరకు అమ్మలేరు. క్రమంగా చేనేత చీర మార్కెట్ నుంచి తప్పుకుంటుంది. మరమగ్గం చీర మిగులుతుంది.

ఇక్కడ మోసపోయేది కొనేవాడు ఒక్కడే కాదు. చీరాల కుప్పడం చీరలో ఒడలికి, అంచుకు వేర్వేరు రంగుల పేకను వాడి, అవి కలిసే చోట చేత్తో ముడివేస్తూ నేస్తారు. అందుకు ఎక్కువ సమయం, నైపుణ్యం కావాలి. చీర ధర పడిపోతే మొదట తగ్గేది నేత కార్మికుని మజూరీయే.

4.4 పరిష్కార మార్గాలు

(అ) గుర్తులు: చేనేత వస్త్రాల కోసం 2006లో 'హ్యాండ్లూమ్ మార్క్'ను ప్రవేశపెట్టారు. పట్టు స్వచ్ఛతకు 'సిల్క్ మార్క్' ఉంది. రెండింటినీ ఒకటిగా భావించకూడదు. మొదటిది నేసిన విధానాన్ని, రెండవది నూలును తెలుపుతుంది. దారాన్ని కాల్చి చూసే పద్ధతి కూడా నూలు రకాన్నే చెబుతుంది. అది చేనేత అని నిరూపించదు.

(ఆ) చట్టం: కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం చేశారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ప్యాకెట్ సరుకును గరిష్ఠ చిల్లర ధరకు మించి అమ్మరాదు. తీరంలో అమ్మే నీళ్ల సీసాకూ ఇది వర్తిస్తుంది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

(ఇ) బిల్లు: బిల్లుపై 'చీర' అని కాక 'చేనేత నూలు చీర' అని రాయించుకోవాలి. అప్పుడు నోటిమాట సాక్ష్యంగా మారుతుంది. ఊరు విడిచి వెళ్లే సందర్శకునికి ఇది మరింత అవసరం.

4.5 సారాంశం

స్థానికుని రాకపోకలే వ్యాపారిని అదుపులో ఉంచుతాయి. సందర్శకుని విషయంలో ఆ పని గుర్తులు, బిల్లులు, చట్టం చేయాలి. అవి పనిచేసినప్పుడు కొనేవానికి సరైన సరుకు, నేసేవానికి సరైన మజూరీ దక్కుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వేసవి సెలవుల్లో తీరప్రాంతంలో చేపల ధరలు పెరగడానికి కారణాలు తెలపండి.
2. హ్యాండ్లూమ్ మార్క్‌కు, సిల్క్ మార్క్‌కు గల తేడా ఏమిటి?
3. మీ ఇంట్లో ఇటీవల కొన్న ఒక వస్త్రం బిల్లును పరిశీలించి, అందులో ఏ వివరాలు లేవో రాయండి.