మధ్యాహ్నం మూత్రం, రాత్రి రక్తం



తెలుగు సంఘాల నుండి పరదేశ సేవకు వెళ్ళడం కొత్త కాదు. 1903లోనే నెల్లూరు ప్రాంతం నుండి రెవరెండ్ జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్ళి అక్కడి తెలుగువారి మధ్య పరిచర్య చేశారు. ఇప్పుడు మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల నుండి కూడా కుటుంబాలు వెళుతున్నాయి. వెళ్ళేముందు ఎక్స్‌రే, రక్త పరీక్షలు, టీకాలు అన్నీ శ్రద్ధగా చేయించుకుంటారు. వెళ్ళాక ఏం పరీక్షలు కావాలో, సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఏం కావాలో ఎవరూ అడగరు. మేమూ అడిగేవాళ్ళము కాదు.

మాకు నేర్పినది ఒక కుటుంబం. వారి అనుమతితో, పేర్లు లేకుండా రాస్తున్నాము.

ఆయనది కొల్లేటి లంక గ్రామం, పాస్టరమ్మగారిది తాడేపల్లిగూడెం. ఇద్దరు పిల్లలతో ఆఫ్రికాలోని మలావిలో సేవ చేస్తున్నారు. అక్కడ కూడా పెద్ద సరస్సు ఉంది. కొల్లేటి నీళ్ళలో పెరిగిన మనిషికి అది చూస్తే పుట్టిల్లే. సాయంత్రాలు పిల్లలను తీసుకెళ్ళి ఈత నేర్పాడు.

కొన్నాళ్ళకు పదేళ్ళ పాప బట్టలకు రక్తం కనబడింది. తల్లి ఏమనుకుంటుంది? పాప పెద్దమనిషి అయిందనుకుంది. తాడేపల్లిగూడెంలో అమ్మమ్మకు ఫోన్ వెళ్ళింది. సెలవుకు వచ్చినప్పుడు ప్రార్థన కూడిక పెట్టి ఓణీలు ఇద్దామని ఆమె పట్టుబట్టలు కూడా కొనేసింది. సిగ్గుకొద్దీ అక్కడ ఎవరికీ చూపించలేదు. చూపించి ఉంటే అక్కడి నర్సమ్మ ఆ రోజే చెప్పి ఉండేది. వాళ్ళకది మనకు మలేరియా అంత తెలిసిన జబ్బు.

ఏలూరు వచ్చాక మా దగ్గరకు తెచ్చారు. నెల తప్పకుండా రావలసింది రోజూ వస్తోందని అమ్మమ్మకే అనుమానం వచ్చింది. మా సిస్టర్ పాపను పక్కకు పిలిచి, “ఒకటికి వెళ్ళినప్పుడు మొదట వస్తుందా అమ్మా, చివర వస్తుందా?” అని అడిగింది. “చివర్లో, ఆంటీ” అంది పాప. అంటే అది మూత్రంలోని రక్తం.

ఇక్కడ మా పొరపాటు చెప్పుకోవాలి. అలవాటు ప్రకారం ఉదయం మొదటి మూత్రం పట్టించాము. రక్త కణాలు కనబడ్డాయి, మరేమీ లేదు. ఇన్‌ఫెక్షన్ అనుకొని మూడు రోజులు మందులు ఇచ్చాము. రక్తం ఆగలేదు. నాలుగో రోజు డాక్టరుగారు తండ్రిని, “అక్కడ ఏ నీళ్ళలో స్నానం చేసేవారు?” అని అడిగారు. ఆ ప్రశ్న మొదటి రోజే అడగవలసింది.

ఆ జబ్బు పేరు బిల్హార్జియా. మంచినీటి నత్తల నుండి కంటికి కనబడని పిల్ల పురుగులు బయటకు వచ్చి, నీళ్ళలో దిగినవారి చర్మంలోంచి లోపలికి పోతాయి. కొన్ని వారాలకు పెద్దవై, మూత్రాశయం చుట్టూ ఉన్న రక్తనాళాలలో గుడ్లు పెడతాయి. పట్టించుకోకుండా వదిలేస్తే మూత్రాశయం దెబ్బతింటుంది, ఏళ్ళ తరబడి ఉంటే క్యాన్సరుకు కూడా దారి తీయవచ్చు. మన దేశంలో ఇది లేనట్లే కనుక మన కళ్ళకు తోచదు. గుడ్లు ఎక్కువగా పడేది పగలు పది నుండి రెండు గంటల మధ్య. అందుకే ఆ వేళ పట్టిన మూత్రమే కావాలి, చివరి చుక్కలతో సహా.

మధ్యాహ్నం పన్నెండుకు పట్టించాము. మా ల్యాబ్ టెక్నీషియన్ ఒక కొసన ముల్లు ఉన్న గుడ్డును జీవితంలో మొదటిసారి చూసి అందరినీ పిలిచాడు. తండ్రికి, తమ్ముడికి ఏ బాధా లేకపోయినా వారికీ గుడ్లు కనబడ్డాయి. ప్రాజిక్వాంటెల్ మాత్రలు బరువును బట్టి ఒక్కరోజు ఇస్తే చాలు. లేత పురుగులు ఆ మందుకు చావవు కనుక కొన్ని వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేయాలి.

వేళ సంగతి మనకు తెలియనిదేమీ కాదు. మన డెల్టాలో బోదకాలు పరీక్షకు రాత్రి పదింటికి ఇంటింటికీ తిరిగి రక్తం తీసినవాళ్ళమే. ఆ పురుగు పిల్లలు రాత్రివేళే పైరక్తంలోకి వస్తాయి. ఆ జబ్బుకు మనమిచ్చే డీఈసీ మందు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు, 1947లో వెలుగులోకి వచ్చింది. మన ఊరివాడు పరదేశంలో గజ్జల్లో బిళ్ళ కట్టి జ్వరంతో పడుకుంటే అక్కడి డాక్టరు మలేరియాకే చూస్తాడు. “మాది ఫైలేరియా ఉన్న ప్రాంతం” అని మనమే చెప్పాలి. ఇప్పుడు పగలైనా చేయగల కార్డు పరీక్ష ఉంది, కాని అడిగితేనే కదా చేసేది. మధ్య ఆఫ్రికా అడవి ప్రాంతాల నుండి వచ్చినవారు ఇక్కడ పంచే డీఈసీ మాత్రలు మింగే ముందు ఆ సంగతి తప్పక చెప్పండి. అక్కడి లోవా లోవా అనే పురుగు ఒంట్లో ఉంటే ఆ మందు ప్రాణం మీదికి తేవచ్చు.

ఇకమీదట పరదేశం నుండి వచ్చినవారి ఓపీ చీటీ మీద మేము రెండు సంగతులు రాస్తున్నాము: ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ నీళ్ళలో దిగారు. మీరు పాత రిపోర్టులన్నీ, నెగటివ్ వచ్చినవి కూడా, ఏ వేళకు తీసినవో రాసి ఒక ఫైలులో తెచ్చుకోండి. ఆడపిల్లల సంగతి దాచకండి.

ఆరు వారాలకు మధ్యాహ్నం పూట ముగ్గురికీ మళ్ళీ చూశాము. గుడ్లు లేవు. పాప స్కానింగ్ కూడా బాగుంది. తిరిగి వెళ్ళేముందు రోజు అమ్మమ్మ మా వార్డుకు అరిసెలు తెచ్చింది. పట్టుబట్టలు ఏం చేశారు మామ్మగారూ అని అడిగాము. “బీరువాలోనే ఉన్నాయమ్మా, ఇంకా టైముంది కదా” అంది.