అంతర్జాల గణిత పాఠాలలో దోషసవరణ

అంతర్జాలంలో లభించే గణిత పాఠాలలో, జవాబుల పట్టికలలో తప్పులను గుర్తించి, నిర్ధారించి, సరిచేయడాన్ని దోషసవరణ అంటారు. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు పరిసర గ్రామాలలో, ఇంటివద్ద లెక్కలు చెప్పేవారు లేని విద్యార్థికి తెరపై కనిపించే జవాబే ప్రమాణం. అది తప్పైతే, సరిగా చేసిన విద్యార్థి కూడా తనదే పొరపాటనుకొని సరైన పద్ధతిని వదిలివేయవచ్చును.

దోషాల తీరు

పుస్తకంలోని పాఠాన్ని కంప్యూటరులోకి మార్చేటప్పుడు ఘాతాంకాలు కిందికి జారిపోవడం తరచుగా కనిపించే దోషం. ఆత్మకూరు ప్రాంతంలో పెన్నా నదిపై ఉన్న సోమశిల జలాశయం సామర్థ్యం సుమారు 78 టి.ఎం.సి., అనగా 78 × 10⁹ ఘనపుటడుగులు. ఘాతాంకం జారి 78 × 109 అయితే విలువ 8,502 ఘనపుటడుగులే. 30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల లోతు గల తొట్టిలో ఆ నీరంతా పడుతుంది! ఇంత తేడా ఎవరికైనా తెలుస్తుంది. 2³ కాస్తా 23 అయినప్పుడు మాత్రం అనుమానం రాదు.

భావదోషం ఇంతకంటె హానికరం. (3 + 4)² విలువను 3² + 4² అని చూపితే, 49 రావలసినచోట 25 వస్తుంది. అచ్చుతప్పు ఒక లెక్కను చెడగొడితే, ఇది బీజగణితాన్నే చెడగొడుతుంది.

నిర్ధారణ

జవాబు కలవనంత మాత్రాన పాఠంలో తప్పున్నదని చెప్పరాదు. 7 సెం.మీ. వ్యాసార్ధం గల వృత్త వైశాల్యం, π విలువ 22/7 అనుకొంటే 154 చ.సెం.మీ., 3.14 అనుకొంటే 153.86 చ.సెం.మీ. రెండూ ఉజ్జాయింపులే. మరొక పద్ధతిలో చేసి చూడడం, చిన్న సంఖ్యలు ప్రతిక్షేపించడం, ప్రమాణాలు సరిచూడడం మంచి పరీక్షలు.

సవరణ

పాఠం పేరు, లెక్క సంఖ్య, ఉన్నది, ఉండవలసినది, కారణం తెలుపుతూ పాఠకర్తకు వ్రాయాలి. పాఠకర్త చడీచప్పుడు లేకుండా దిద్దరాదు. సవరించిన తేదీని, పాత రూపాన్ని చూపాలి. ఎందుకంటే విద్యార్థులు ముందే దించుకొన్న ప్రతులలో, ఇతరులు నకలు చేసిన పుటలలో పాత తప్పు అలాగే ఉంటుంది.

ఇది అంతర్జాలంతో వచ్చిన చిక్కు కాదు. విలియం షాంక్స్ 1873లో π విలువను 707 దశాంశ స్థానాల వరకు ప్రకటించాడు. 528వ స్థానం నుండి అది తప్పని 1940లలో డి.ఎఫ్. ఫెర్గూసన్ కనుగొన్నాడు. ఈలోగా, 1937లో, పారిస్ విజ్ఞాన ప్రదర్శనశాలలో ఒక గది గోడపై ఆ అంకెలన్నీ వ్రాశారు. వాటిని సరిదిద్దినది 1949లో.