చేతులు మారిన కత్తి

2023 జూన్ 28న విశాఖపట్నం నుంచి ఐఎన్‌ఎస్ కిర్పాన్ బయల్దేరింది, తిరిగి రాని ప్రయాణానికి. జూలై 22న వియత్నాంలోని కామ్ రాన్ రేవులో నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ ఆర్.హరికుమార్ దాన్ని ఆ దేశ నౌకాదళానికి అప్పగించారు. ఫ్రిగేట్ కంటే ఒక మెట్టు చిన్నదైన ఈ క్షిపణి కార్వెట్ 1991లో విధుల్లో చేరింది. పూర్తిస్థాయిలో పనిచేస్తున్న కార్వెట్‌ను భారత్ ఒక మిత్రదేశానికి ఇవ్వడం అదే మొదటిసారి.

కారణం బహిరంగ రహస్యమే. దక్షిణ చైనా సముద్రం దాదాపుగా తనదేనంటున్న చైనాతో వియత్నాంకు దశాబ్దాల పేచీ ఉంది. హిమాలయాల్లో చైనాతో సరిహద్దు తగాదా భారత్‌కూ ఉంది. ఉమ్మడి బెడద ఇద్దరినీ దగ్గర చేసింది.

అయితే ఓడను ఇచ్చినవాడు దాని గురిని కూడా శాసించగలడా? లేడని చెప్పే సాక్ష్యం విశాఖ రేవు ఎదుటే, సముద్రం అడుగున ఉంది. 1971 డిసెంబర్‌లో అక్కడ మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ, అసలు అమెరికాది. పేరు డయాబ్లో. కమ్యూనిస్టు వ్యతిరేక కూటమిలో భాగస్వామి అన్న లెక్కతో అమెరికా 1964లో దాన్ని పాక్‌కు లీజుకిచ్చింది. పాక్ మాత్రం దాన్ని భారత విమానవాహక నౌక విక్రాంత్ వేటకు పంపింది. 1965 యుద్ధం తర్వాత అమెరికా ఆయుధ సరఫరా ఆపేసినా లాభం లేకపోయింది. పాక్ ఆ జలాంతర్గామికి టర్కీలో మరమ్మతులు చేయించుకుంది.

ఆ పోరులో ప్రతి ఓడా చేతులు మారిందే. విక్రాంత్‌ను బ్రిటన్ హెర్క్యులిస్ పేరుతో మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే భారత్ కొనుక్కుంది. ఘాజీని ముంచిందని భారత్ చెప్పే రాజ్‌పుత్, 1949లో మనకొచ్చిన బ్రిటిష్ డిస్ట్రాయర్ రోథర్‌హామ్. జలాంతర్గామి లోపలి పేలుడుకో, అది పరిచిన మందుపాతరకో బలైందన్నది పాక్ వాదన. ఏదేమైనా తొంభై మందికి పైగా నావికులు జలసమాధి అయ్యారు.

వియత్నాం సంగతి వేరు. దానికి భారత్‌తో సరిహద్దు లేదు, తగాదా లేదు. దాని జలాంతర్గామి సిబ్బంది విశాఖలోని ఐఎన్‌ఎస్ శాతవాహనలోనే శిక్షణ పొందారు. కాబట్టి ఢిల్లీ ముందున్న పరీక్ష కూడా వేరే. 32 ఏళ్లు వాడిన ఓడకు విడిభాగాలు, నిపుణులు సమయానికి అందకపోతే అది కానుక కాదు, గుదిబండ. ఓడను అప్పగించడం ఒక్క రోజు పని. దాన్ని నడిచేలా ఉంచడమే స్నేహానికి అసలు కొలత.