అంచనాకూ ఓ హద్దుంది: మూసీ వరదలు, రావు గారి సూత్రం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. అంతటి ఉధృతిలో నది మధ్య నిలబడి నీటి వేగం కొలవడం ఎవరి తరమూ కాదు. అయినా మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ ఆహ్వానం మీద వచ్చిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, ఆ వరద గరిష్ఠ ప్రవాహం సుమారు 4,25,000 క్యూసెక్కులని లెక్కతేల్చారు. వెళ్లిపోయిన వరదను లెక్కగట్టే పద్ధతి ఇంజినీర్లకు కొత్తది కాదు. గోడల మీద మిగిలిన నీటి చారలు మట్టాన్ని చెబుతాయి. నది వెడల్పూ లోతూ కొలిస్తే నీరు ఎంత వైశాల్యంలో పారిందో తెలుస్తుంది. వాలునీ, ఒడ్డుల గరుకుదనాన్నీ బట్టి వేగం కడతారు. వైశాల్యాన్ని వేగంతో హెచ్చిస్తే ప్రవాహం వస్తుంది. ఎగువన కురిసిన వానతో దాన్ని సరిచూసుకుంటారు. ఇందులో ప్రతి మెట్టులోనూ కొంత దోషం చేరుతుంది. చార ఎక్కడ ఆగిందో చూసే కన్ను కొద్దిగా తప్పుతుంది, గరుకుదనం విలువ అనుభవంతో ఎంచుకున్నది. అందుకే అంచనా అంటే ఒక అంకె మాత్రమే కాదు. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే రెండో అంకె కూడా అందులో భాగమే. ఆ రెండో అంకెను పక్కన పెట్టేస్తే వరద ముంగిట జనం ప్రాణాల మీదికి వస్తుంది.

ఈ రెండో అంకెకు గట్టి పునాది వేసినవారు మన తెలుగువారే. కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920లో హూవిన హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో సాంఖ్యకశాస్త్రం చదివారు. పాతికేళ్ల ప్రాయంలో, 1945లో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఒక కొలతల గుట్టలో మనకు కావలసిన విషయం గురించి ఎంత సమాచారం దాగి ఉందో దాన్ని బట్టే ఒక హద్దు ఏర్పడుతుందని, పక్షపాతం లేని ఏ పద్ధతి వాడినా అంచనాలోని చంచలత్వం ఆ హద్దు కంటే కిందికి దిగదని అందులో నిరూపించారు. ఏడాది తర్వాత స్వీడన్ శాస్త్రవేత్త హరాల్డ్ క్రామర్ కూడా విడిగా అదే ఫలితాన్ని ప్రకటించడంతో దానికి క్రామర్-రావు హద్దు అనే పేరు స్థిరపడింది. రాడార్ రూపకర్తల నుంచి వైద్య పరిశోధకుల వరకు అందరూ దీన్ని వాడతారు. 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి అందుకున్న రావు, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన సూత్రం సామాన్యుడికి చెప్పే మాట సూటిగా ఉంటుంది. కొలతల్లో లేని సమాచారాన్ని ఎంత తెలివైన లెక్కా పుట్టించలేదు. ఒకే నాణ్యత గల, ఒకదానితో ఒకటి సంబంధం లేని కొలతలు నాలుగు ఉంటే దోషం సగానికి తగ్గుతుంది. దాన్ని పావుకు తేవాలంటే పదహారు కావాలి. అన్ని పరికరాల్లోనూ ఒకే లోపం ఉంటే మాత్రం వంద పెట్టినా ఆ లోపం పోదు.

వాన కొలతలోనే ఈ చిక్కు ఎంతుందో చూడండి. వాతావరణ రాడార్ వానను నేరుగా కొలవదు. చినుకులకు తగిలి తిరిగివచ్చే తరంగం బలాన్ని కొలుస్తుంది. ఆ బలం చినుకు వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే రెండు మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, ఒక మిల్లీమీటరు చినుకులు 64 కలిసినంత బలమైన ప్రతిధ్వని ఇస్తుంది. దానిలో ఉన్న నీరు మాత్రం ఎనిమిది చిన్న చినుకులకే సమానం. చినుకుల పరిమాణం తెలియకపోతే రాడార్ లెక్క ఎటో ఒకవైపు మొగ్గుతుంది. నేల మీది వర్షమాపకాలతో దాన్ని సరిదిద్దుకోవాలి. నాలాలో పెట్టే నీటిమట్టం సెన్సార్‌కు వేరే బాధ ఉంది. అలలూ, కొట్టుకొచ్చే చెత్తా రీడింగును పైకీ కిందికీ ఊపేస్తాయి. గత కొన్ని రీడింగుల సగటు తీస్తే ఆ ఊపు తగ్గుతుంది, కానీ అసలు నీరు పెరిగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఎక్కువ నునుపు చేస్తే ఎక్కువ ఆలస్యం, తక్కువ చేస్తే ఎక్కువ రొద, అంటే అర్థం లేని ఊపు. పెద్ద నదిలో అరగంట ఆలస్యాన్ని భరించవచ్చు. కుండపోతకు నిమిషాల్లో పొంగే నాలాలో భరించలేం.

ఈ ఇరకాటానికి హంగరీలో పుట్టిన రుడాల్ఫ్ కాల్మన్ 1960లో చూపిన దారి కాల్మన్ ఫిల్టర్. ఇది పాత రీడింగులను గుడ్డిగా సగటు తీయదు. నీరు ఎలా పెరుగుతుందో చెప్పే భౌతిక నియమంతో ముందుగా ఒక ఊహ చేసుకుంటుంది. రీడింగు రాగానే ఆ రెంటిలో దేన్ని ఎంత నమ్మాలో వాటి దోషాలను బట్టి తూకం వేస్తుంది. ఒక చెరువు మట్టం 200 సెంటీమీటర్లు ఉంటుందని లెక్క చెప్పిందనుకుందాం, దాని దోషం 20. సెన్సార్ 230 చూపింది, దాని దోషం 10. దోషాల వర్గాలు 400, 100. కనుక సెన్సార్‌కు అయిదింట నాలుగు వంతుల విలువ దక్కుతుంది. రెంటి మధ్య ఉన్న 30లో 24 కలిపితే 224 వస్తుంది. కొత్త అంచనా దోషం సుమారు 9, అంటే రెండు మూలాల్లో ఏ ఒక్కదాని దోషం కన్నా తక్కువ. తర్వాతి రీడింగుకు ఇదే తంతు మళ్లీ నడుస్తుంది. అపోలో నౌకలకు చంద్రుడి దారి చూపింది ఈ పద్ధతే. క్షిపణులకూ ఇదే ఆధారం. వేగం మార్పును పసిగట్టే పరికరంలో భూమ్యాకర్షణలో వెయ్యో వంతు స్థిరమైన లోపం ఉంటే, 100 సెకన్లలో స్థానం 49 మీటర్లు తప్పుతుంది. 1000 సెకన్లకు అది దాదాపు అయిదు కిలోమీటర్లవుతుంది. బయటి కొలతలతో ఎప్పటికప్పుడు సరిదిద్దే గణితం లేనిదే దూరపు గురి కుదరదు. హైదరాబాద్ పాతబస్తీ అంచున కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్, చాంద్రాయణగుట్టలో డీఎల్‌ఆర్‌ఎల్ అనే రక్షణ పరిశోధన సంస్థలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. క్షిపణులూ రక్షణ ఎలక్ట్రానిక్సూ ఈ రకం గణితం లేనిదే నడవవు.

ఆ కంచన్‌బాగ్‌ను ఆనుకునే హఫీజ్ బాబా నగర్ ఉంది. 2020 అక్టోబరు 13న నగరం మీద కుండపోత కురిసింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు నమోదైంది. నాలుగు రోజులకే, 17వ తేదీ రాత్రి మళ్లీ కురిసిన వానకు బాలాపూర్ గుర్రం చెరువు కట్టకు గండి పడి, హఫీజ్ బాబా నగర్ సహా దిగువ బస్తీలను వరద ముంచెత్తింది. చెరువులు తెగడం ఈ నగరానికి కొత్త పాఠం కాదు. 1908 వరదను పరిశీలించిన విశ్వేశ్వరయ్య మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగిపోయాయని లెక్కతీశారు. ఒక్కో చెరువు తెగి కిందిదాని మీద పడితే వరద ఎలా పెరుగుతుందో అప్పుడే స్పష్టమైంది. చెరువు మట్టం పెరుగుదలనూ, అలుగు పారుతున్న తీరునూ ప్రతి కొద్ది నిమిషాలకూ అంచనా కట్టగలిగితే కట్ట కింద ఉన్నవారికి కొంత వ్యవధి దక్కుతుంది. అందుకు కావలసిన గణితం అరవై ఏళ్లకు పైగా మన చేతిలో ఉంది.

దీనికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి, మూడూ తీసిపారేయదగ్గవి కావు. మొదటిది, ఫిల్టర్ అసాధారణాన్ని రొదగా భావించి కొట్టేస్తుందన్న భయం. 1908 లాంటి వరదను పరికరం లోపమనుకుని పక్కన పెడితే గతేమిటి? ఆ ప్రమాదం నిజమే. కానీ దాన్ని పట్టుకునే సాధనం కూడా ఫిల్టర్‌లోనే ఉంది. ఊహకూ రీడింగుకూ మధ్య తేడాలు సక్రమంగా ఉంటే కొన్ని పైకి, కొన్ని కిందికి పడతాయి. వరుసగా అన్నీ ఒకవైపే పడుతున్నాయంటే తప్పు ఊహదైనా కావాలి, పరికరానిదైనా కావాలి. పరికరం సరిగ్గానే ఉందని తేలితే ఊహ మీద నమ్మకం తగ్గించి రీడింగుకు విలువ పెంచాలి. రెండోది, కాంక్రీటు కప్పేసిన, నాలాలు కుదించుకుపోయిన నగరానికి పాత లెక్కలు పనికిరావన్నది. అది కొలవడం మానేయడానికి కారణం కాదు, మరింత తరచుగా కొలిచి లెక్కను దిద్దుకోవడానికి కారణం. కొలతల లోటును కృత్రిమ మేధ తీరుస్తుందనే వారికి రావు గారి హద్దే జవాబు. పరికరం లేని నాలా గురించి ఏ కంప్యూటరూ నమ్మదగిన మాట చెప్పలేదు. మూడోది, "ఇంత నుంచి ఇంత వరకు" అని చెబితే జనం అయోమయంలో పడతారన్నది. ఇందాకటి చెరువు కట్ట ఎత్తు 240 సెంటీమీటర్లనుకోండి. నీరు 224లో ఉందని మాత్రం చెబితే అందరూ నిశ్చింతగా పడుకుంటారు. దోషానికి రెట్టింపు, అంటే 18, అటూ ఇటూ పోవచ్చని చెబితే పై అంచు 242 అవుతుంది, నీరు కట్ట దాటే అవకాశం కళ్లకు కడుతుంది. అనవసరంగా ఒక రాత్రి బడిలో తలదాచుకుంటే పోయేది నిద్ర. కదలకుండా ఉండిపోతే పోయేది ప్రాణం. ఈ రెండు నష్టాలూ సమానం కానప్పుడు పై అంచును చూసే నిర్ణయం తీసుకోవాలి. ఆ అంచును దాచిపెట్టే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి పాతబస్తీ అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. ప్రతి చెరువు అలుగు దగ్గరా, ప్రతి పెద్ద నాలా మీదా మట్టం కొలిచే పరికరం ఉండాలి. వాటి రీడింగులు ప్రజలందరికీ అందుబాటులో ఉండాలి. చెప్పే ప్రతి అంచనా పక్కనా దాని దోషం కూడా చెప్పాలి. క్షిపణి గురి కోసం వాడే లెక్కను చెరువు కట్ట కింద నిద్రపోయే కుటుంబం కోసం వాడటానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఈసారి వానాకాలంలో ఏ అధికారి అయినా నీటిమట్టం ఇంత అని చెబితే, అటూ ఇటూ ఎంత అని అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.