నిద్ర తక్కువైతే ముఖం ఎందుకు వాడిపోతుంది?

"కళ్ళ కింద నలుపు వచ్చింది, ముఖం కళ తప్పింది, ఏ క్రీము రాయమంటారు?" అని చాలామంది అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?

మా ములకలపల్లి వైపు ఇప్పపూల కాలంలో తెల్లారకముందే అడవికి పోవాలి. తునికాకు కాలంలోనూ అంతే. పాల్వంచ కరెంటు ప్లాంటులో, కొత్తగూడెం బొగ్గు గనుల్లో నైట్ షిఫ్టులు. పిల్లలకేమో అర్ధరాత్రి దాకా ఫోను. కారణం ఏదైనా, ఆ నిద్ర బాకీ ముఖం మీద కనపడుతుంది.

2010లో స్వీడన్ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. 23 మందికి బాగా నిద్రపోయాక ఒకసారి, నిద్ర తగ్గించి 31 గంటలు మేలుకున్నాక ఇంకోసారి ఫొటోలు తీశారు. వాటిని 65 మందికి చూపించారు. నిద్రలేని ముఖాలే నీరసంగా, జబ్బు చేసినట్టు ఉన్నాయన్నారు వాళ్ళు.

ఎందుకలా అంటే, రాత్రిపూట చర్మానికి రక్త ప్రసరణ పెరుగుతుంది, పగలు జరిగిన నష్టాన్ని చర్మం సరిచేసుకుంటుంది. నిద్ర చాలకపోతే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరుగుతుంది. తేమను పట్టి ఉంచే పైపొర కోలుకోవడం ఆలస్యమవుతుంది. కళ్ళ కింద చర్మం బాగా పలుచన కాబట్టి, లోపలి రక్తనాళాల నీడ అక్కడే ముందు కనిపిస్తుంది.

మరి ఏం చెయ్యాలి? పెద్దవాళ్ళకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. తెల్లారకముందే లేచేవాళ్ళు అన్నం తొందరగా తినేసి, దోమతెర కట్టుకుని, ఫోను దూరంగా పెట్టి పడుకోండి. నైట్ షిఫ్టు వాళ్ళు పగలు గది చీకటి చేసుకోండి. ముఖం కడుక్కుని పడుకోండి, దిండు గలేబు వారానికోసారి ఉతకండి. పొద్దున్నే కళ్ళు ఉబ్బుతుంటే తల కాస్త ఎత్తులో పెట్టుకోండి.

రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్తున్నా. డాక్టరు రాయకుండా స్టెరాయిడ్ కలిసిన క్రీములు ముఖానికి వాడొద్దు. మొదట తెల్లబడ్డట్టే ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలొస్తాయి. రెండోది, రెండు మూడు వారాలు సరిగ్గా పడుకున్నా ముఖం పాలిపోయి, ఆయాసం ఉంటే అది నిద్ర సంగతి కాదు, రక్తహీనత కావచ్చు. ముఖ్యంగా ఆడవాళ్ళు, ఆడపిల్లలు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి రక్తపరీక్ష చేయించుకోండి.

ఈ రాత్రి నుంచే ఒక గంట ముందు పడుకుని చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.