ముందు చక్రం దగ్గర టక్ టక్: చప్పుడు వింటే జబ్బు తెలుస్తుంది

తెలుగులో ఒక్కో చప్పుడుకి ఒక్కో మాట ఉంది. తలుపు కిర్రుమంటుంది, గాజులు గలగలమంటాయి, ఎండుటాకులు గరగరమంటాయి. ధ్వన్యనుకరణ పదాలని వీటిని వ్యాకరణం క్లాసులో చదువుకున్నాం. ఇవే మాటలు గ్యారేజీలో డబ్బు కూడా మిగులుస్తాయి. ఎలాగో చెప్తాను.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా. బల్లార్షా, రాజురా వైపు బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, తెలుగువాళ్లు కూడా చాలామందే ఉన్నారు. రాజురా తాలూకా 1956కి ముందు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే మా చుట్టాలు ఇప్పటికీ ఆసిఫాబాద్, కాగజ్‌నగర్, మంచిర్యాల దాకా ఉన్నారు. పెళ్లికైనా చావుకైనా ఆ రోడ్డు మీద పోవాల్సిందే. బొగ్గు లారీలు తిరిగే రోడ్లు, వానాకాలం గుంతలు, వేసవిలో 46 డిగ్రీలు దాటే ఎండ. వీటి దెబ్బ కారు ముందుభాగం మీద పడుతుంది.

మా చిన్నాయన అద్దెకు కారు నడుపుతాడు. అది ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే. ఒకసారి ముందు నుంచి చప్పుడు మొదలైంది. ఒక గ్యారేజీలో చూపిస్తే ముందువైపు సామానంతా మార్చాలన్నారు. మా చిన్నమ్మ ఒకే మాట అడిగింది: "బండి మలిపినప్పుడే టకటకమంటది, సీదా పోతే ఏం లేదు. మరి అన్నీ ఎందుకు మార్చాలె?" ఇంకో మెకానిక్ ఆ ఒక్క మాట పట్టుకుని చూస్తే, పాడైంది ఒక్క జాయింటే అని తేలింది.

ఆ జాయింటు ఏమిటి?

అంబాసిడర్ కారులో ఇంజిను బలం వెనక చక్రాలకు వెళ్లేది. ముందు చక్రాల పని అటూ ఇటూ తిరగడమే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మన దేశంలో ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లు మామూలైపోయాయి. వీటిలో ముందు చక్రం రెండు పనులు చేయాలి: బండిని లాగాలి, పక్కకి తిరగాలి. తిరిగినా సరే, ఇరుసు నుంచి వచ్చే వేగం కొంచెం కూడా తగ్గకుండా, పెరగకుండా చక్రానికి అందాలి. అందుకే ఇరుసు చివర సి.వి. జాయింటు పెడతారు. ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజినీరు 1920లలో రూపొందించిన పద్ధతి ఇది. ఒక గిన్నె, దాని లోపల గాళ్లు, ఆ గాళ్లలో జారే ఆరు ఉక్కు గుండ్లు. చుట్టూ గ్రీజు, దానిపైన మడతలు మడతలుగా రబ్బరు తొడుగు. మెకానిక్‌లు ఈ తొడుగును బూటు అంటారు.

అసలు జబ్బు బూటుతోనే మొదలవుతుంది. ఎండకీ రాళ్లకీ రబ్బరు పగులుతుంది. గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్మూ నీళ్లూ లోపలికి పోతాయి. గాళ్లు అరిగి గుంతలు పడతాయి. బండి నేరుగా పోతున్నప్పుడు గుండ్లు పెద్దగా కదలవు కాబట్టి చప్పుడు రాదు. స్టీరింగ్ బాగా తిప్పితే అవి గాళ్లలో దూరం జరిగి, ఆ గుంతల్లో పడి లేస్తాయి. అదే మనకు వినపడే టక్ టక్.

ఎలా కనిపెట్టాలి?

రేడియో ఆపి, అద్దాలు దించి, ఎవరూ లేని మైదానంలో నెమ్మదిగా నడపాలి. ఒకరు నడుపుతుంటే పక్కనున్నవాళ్లు వింటే మేలు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా యాక్సిలరేటర్ తొక్కితే టకటక వచ్చి, వేగంతోపాటు అదీ పెరిగితే సి.వి. జాయింటును అనుమానించాలి. ఎడమకి తిరిగినప్పుడు ఎక్కువైతే సాధారణంగా కుడి జాయింటు, కుడికైతే ఎడమది.

నేరుగా పోతున్నా చక్రం తిరిగే లెక్కకి టిక్ టిక్‌మంటే ముందు టైరు చూడాలి. గాడిలో రాయి ఇరుక్కుని ఉండొచ్చు, వీల్ కప్పు వదులై ఉండొచ్చు. వీల్ నట్లు వదులైతే మాత్రం ప్రమాదం. అక్కడే ఆపి, ఎదురెదురు నట్లను ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి.

గుంతలు, స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రమే కటకటమంటే లింకు రాడ్డో బాల్ జాయింటో అయ్యుంటుంది. చక్రాన్ని పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే బాల్ జాయింటు గానీ బేరింగు గానీ వదులైనట్టు. పక్కలు పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే స్టీరింగ్ రాడ్డు చివర చూడాలి.

బ్రేకు వేసినప్పుడు మాత్రమే టక్‌మంటే బ్రేకు ప్యాడ్లు, వాటి క్లిప్పులు చూడమనాలి.

ఒక హెచ్చరిక. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. జాకీ జారితే మనిషి మిగలడు. బూటు చూడటానికి అంత అవసరం లేదు. బండి ఆపి, స్టీరింగ్ పూర్తిగా పక్కకి తిప్పి, చక్రం వెనక టార్చి వేసి చూస్తే చాలు. రబ్బరు చిరిగి ఉన్నా, చక్రం లోపలివైపు నల్లగా గ్రీజు చిమ్మి ఉన్నా తెలిసిపోతుంది.

ఏం చేయించాలి?

బూటు చిరిగిందిగానీ చప్పుడు ఇంకా రాలేదంటే అదృష్టమే. జాయింటు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టి, కొత్త బూటు వేస్తే సరిపోతుంది. టకటక మొదలయ్యాక గ్రీజు పెట్టినా అరిగిన ఉక్కు తిరిగి రాదు. జాయింటు మార్చాలి, కొన్ని బండ్లకు ఇరుసు మొత్తం మార్చాల్సి వస్తుంది. అలాగే నడిపితే ఏదో ఒకరోజు జాయింటు విరుగుతుంది. అప్పుడు ఇంజిను తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం ముందుకి కదలదు. రాత్రిపూట లారీల మధ్య అలా ఆగిపోతే ఎంత కష్టమో ఊహించుకోండి.

గ్యారేజీలో ఆడవాళ్లం నిలబడితే "మీకు తెలియదులెండి" అనేవాళ్లు ఉంటారు. వాళ్లతో వాదన అక్కర్లేదు. నాలుగు సంగతులు చెప్పండి: ఏం చప్పుడు, ఎటువైపు, ఎప్పుడు వస్తుంది, వేగంతో పెరుగుతుందా లేదా. బిల్లు కట్టేముందు, తీసేసిన పాత సామాను చూపించమని అడగండి. ఒకే చప్పుడును టిక్కు, టక్కు, కటకట అని విడదీసి చెప్పగల భాష మనకుంది, దాన్ని అక్కడ కూడా వాడుకుందాం.